కాలేయానికి క్యాన్సర్ పాకకుండా...
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో పూర్వ విద్యార్థి, వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూర్‌లో మగ్గాల చప్పుడు వింటూ ఈ బడిలోనే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. నాతో ఒకే బల్లపై కూర్చున్న మిత్రుడొకడు కొన్నేళ్ళ క్రితం నా వద్దకు వచ్చాడు. మలంలో రక్తం పడుతుంటే మొలలనుకొని ఏడాది గడిపాడు. అది పెద్దపేగు క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. “పేగులో పుట్టినది కాలేయానికెందుకు పోవాలిరా? దారిలో ఆపలేరా?” అని అడిగాడు. ఆ ప్రశ్నే నేటి నా ప్రసంగ విషయం.

పేగుల నుండి బయలుదేరే రక్తం కాలేయ నిర్వాహక సిర గుండా ముందుగా కాలేయానికే చేరుతుంది. విడివడిన క్యాన్సర్ కణాలకూ అదే మార్గం. అయితే మార్గమొక్కటే చాలదు. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు పరిశీలించాడు. వ్యాధి కాలేయానికి తరచుగానూ, ప్లీహానికి అరుదుగానూ పాకినట్లు గమనించాడు. విత్తనం ఎక్కడ పడినా, అనువైన నేలలోనే మొలకెత్తుతుందని తేల్చాడు.

మరి ఆ నేలనే మార్చగలమా? అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో ఇందుకొక ప్రయోగం ప్రకటించారు. ఒక సంకేత ప్రోటీను క్యాన్సర్ కణాలకూ, వాటికి కొమ్ముకాసే కణాలకూ ఆహ్వానం పలుకుతుంది. దానిని పట్టి బంధించే మరొక ప్రోటీను జన్యువును అతిసూక్ష్మ రేణువులలో పొదిగి ఎలుకలకు ఎక్కించారు. కాలేయ కణాలే ఆ ప్రోటీనును తాత్కాలికంగా తయారుచేశాయి. కాలేయానికి క్యాన్సర్ పాకడం గణనీయంగా తగ్గింది.

ఆశ కలిగించే ఫలితమే. కాని అది ఎలుకలలో వచ్చిన ఫలితం. మనుషులలో జాగ్రత్త ఎంతో అవసరం. 1999లో అమెరికాలో మరొక కాలేయ వ్యాధికి జన్యుచికిత్స ప్రయోగంలో పాల్గొన్న 18 ఏళ్ళ యువకుడు, జన్యువును మోసుకెళ్ళే వైరస్ ఎక్కించిన నాలుగు రోజులకే మరణించాడు. కనుక ‘జన్యువైద్యంతో కాలేయ క్యాన్సర్ మాయం’ అని ఎవరైనా సొమ్ము అడిగితే నమ్మకండి.

నా మిత్రుడు నేడు మన మధ్య లేడు. అతని ప్రశ్నకు శాస్త్రం ఇంకా పూర్తి సమాధానం వెదకుతూనే ఉంది. ఒక సమాధానం మాత్రం ఈనాడే మన చేతిలో ఉన్నది. మలంలో రక్తం కనిపించినా, మలవిసర్జన తీరు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా సిగ్గుపడక వైద్యుని వద్దకు వెళ్ళండి. పాకకముందే గుర్తించిన పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్సతో చాలామందికి నయమవుతుంది.

ఈ మాట ఇంటింటా చెప్పండి. నాకు విద్యాభిక్ష పెట్టిన ఈ బడికి నేనివ్వగల కానుక ఇదే. సెలవు.