చేపపిల్లల మేతకు పాత ధోవతి వల



నారు పోసేముందు మడి తయారైనదా లేదా అని చూడని రైతు వుండడు. చేపపిల్లలను వదిలే నర్సరీ గుంట కూడా నారుమడి వంటిదే గదా! అయినా చాలామంది నీటిలో మేత వున్నదా అని చూడకుండానే, డబ్బు పోసి తెచ్చిన పిల్లలను వదిలేస్తారు. మేతలేని నీటిలో అవి కొద్దిరోజులకే నశిస్తాయి.

బొచ్చె, శీలావతి పిల్లలకు గుడ్డులోనుండి వెలువడిన మూడు రోజుల్లో పొట్టక్రింది సొన తరిగిపోతుంది. అప్పటికి వాటి పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లే. తవుడు, వేరుశనగ చెక్క పొడి తోడుమేత మాత్రమే. అసలు ఆహారం నీటిలో తేలాడే సూక్ష్మమైన జంతువులు. వీటినే జంతు ప్లవకాలు అంటారు.

వీటిని పట్టడానికి ఖరీదైన పట్టువల అక్కరలేదు. వెదురు బద్దను వంచి అడుగు వెడల్పు చక్రం కట్టండి. సన్న నేత గల పాత ధోవతి గుడ్డను గరాటులాగ కుట్టి, వెడల్పు మూతిని చక్రానికి, సన్నని కొసను చిన్న గాజుసీసా మూతికి బిగించండి. ముందుగానే సిరంజితో సీసాలో 1 మిల్లీలీటరు నీరు పోసి ఒక గీత, 2 మిల్లీలీటర్లకు మరొక గీత పెట్టుకోవలెను.

పేడ ఎరువు వేసిన 10, 15 రోజులకు, ఉదయంపూట, అడుగు బురద కదలకుండా గుంటలో ఐదు చోట్ల 10 లీటర్ల బకెట్టుతో నీరు ముంచి వలలో పోయండి. మొత్తం 50 లీటర్లు. గుడ్డకు అంటినది సీసాలోకి కడిగి, చిటికెడు ఉప్పు వేసి, పావుగంట కదపకుండా వుంచండి. అడుగున 1 నుంచి 2 మిల్లీలీటర్ల గోధుమరంగు మడ్డి చేరితే మేత వున్నట్లే. పచ్చగా వుంటే అది పాచి. జంతు ప్లవకాలు ఇంకా పెరగలేదు. నల్లని బురదను లెక్కలో చేర్చకండి.

మేత చాలకపోతే పిల్లలను తేవడం ఆపండి. చేపలకు జబ్బులేని మరో చెరువు గట్టున, రాత్రి నీటి అంచున లాంతరు వుంచితే ప్లవకాలు వెలుగుకు చేరుతాయి. ఇదే వలతో వాటిని మెల్లగా పట్టి, దోమతెర గుడ్డలో వడగట్టండి. పెద్ద పురుగులు, కప్పపిల్లలు తెరమీద ఆగిపోతాయి. క్రిందికి దిగినదానిని ఆలస్యం చేయక మీ గుంటలో కలపండి. పాలకు తోడు వేసినట్లే, ఎరువు వేసిన నీటిలో అవి వృద్ధి అవుతాయి. నాలుగైదు రోజులాగి మళ్లీ కొలిచి చూడండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకొనేకన్నా, పిల్లలను వదిలేముందు ఒక్కసారి సీసా ఎత్తి చూడడం మేలు.