శీతాకాలపు పూలకు ఏ మొక్కలు?

ముందుగా ఈ రెండు కుండీలను చూడండి. రెండింటిలోనూ ఉన్నది పసుపు చామంతే. ఒకే తల్లి మొక్క నుంచి తీసిన పిలకలను జూన్‌లో ఒకే రోజున, ఒకే మట్టిలో నాటాను. కుడివైపు కుండీ నిండా పూలున్నాయి. ఎడమవైపు కుండీలో ఆకులు ఏపుగా పెరిగాయి గానీ ఒక్క మొగ్గ కూడా లేదు. ఎరువు తక్కువై కాదు, తెగులు తగిలీ కాదు. అది మా గేటు పక్కన, వీధి దీపం కింద పెరిగింది. పూసిన మొక్క పెరట్లో చీకట్లో ఉంది.

మొక్కలు పగటి నిడివిని గుర్తిస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వేసవి అంతా పూయకుండా పెరిగే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి, పగటిని కుదించి, వారు పూయించారు. దీన్నే ఫోటోపీరియాడిజం అంటారు. నిజానికి మొక్క కొలిచేది పగటిని కాదు, తెగకుండా సాగే రాత్రిని. ఈ సంగతి తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఇందుకు సాధనం. నడిరాత్రి కాసేపు వెలుతురు పడినా సుదీర్ఘమైన రాత్రి రెండు పొట్టి రాత్రులుగా మారిపోతుంది.

హైదరాబాద్‌లో జూన్ చివర పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరులో 11 గంటలే. చామంతికి ఈ తేడా చాలు. పూలు ఆలస్యంగా రావాలనుకునే రైతులు తోటలో రాత్రిపూట దీపాలు వెలిగించేది ఇందుకే. మనం తెలియక అదే పని చేస్తూ, మొక్క మంచిది కాదని నర్సరీవాళ్ళను తిట్టుకుంటాం.

ఇక ఎంపిక. చలిదేశాల పుస్తకాల్లో గట్టి మొక్క అంటే మంచుకు తట్టుకునేది. కొమ్మలు ఎండినా వేరు బతికి మళ్ళీ చిగురిస్తుంది. మనకు పరీక్ష డిసెంబరు కాదు, మే నెల ఎండ. ఆ తర్వాత ఆగస్టులో వేళ్ళ దగ్గర నిలిచే నీరు. పూలతో ఉన్న కుండీని చూసి మురిసిపోయి కొనేటప్పుడు ఈ రెండూ గుర్తుకు రావు.

ఈ పరీక్షలో నా మొదటి మార్కు డిసెంబరాలకు. ఇది మన ఉపఖండపు మొక్కే. ఊదా, గులాబి, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. వాసన ఉండదు గానీ మాల కడితే ఎంతో అందం. వేసవిలో నీరు తగ్గినా ఓర్చుకుంటుంది, కొమ్మ గుచ్చితే వేరు పడుతుంది. పూలు అయిపోయాక కత్తిరిస్తే మరుసటి ఏడు గుబురుగా వస్తుంది.

కనకాంబరం కాస్త నీడలోనూ పూస్తుంది. అయితే దాని వేళ్ళకు నులిపురుగు పట్టి బుడిపెలు వస్తాయి. ఆకులు పసుపుబారి ఎదుగుదల ఆగితే ఒక మొక్కను పీకి వేళ్ళు చూడండి. అలాంటి మట్టిలో మళ్ళీ కనకాంబరమే నాటకండి. బిళ్ళగన్నేరు గురించి చెప్పేదేమీ లేదు. నీరు నిలవకపోతే చాలు, గోడ పగులులోనూ బతుకుతుంది.

మళ్ళీ చామంతికి వద్దాం. జనవరిలో పూలు వాడగానే కుండీతో సహా పారేయడం చాలా ఇళ్ళలో చూస్తున్నాను. అది ఒక్క ఏటి మొక్క కాదు. కాడలను మట్టికి జానెడు ఎత్తున కోసి, కుండీని మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచండి. మొదట్లో పిలకలు వస్తాయి. మే నెలలో నీరు మరవకండి, అలాగని బురద చేయకండి. జూన్, జూలైలలో పిలకలు వేరుచేసి నాటి, నెల తర్వాత తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. సెప్టెంబరు దాటాక తుంచవద్దు. అప్పటి నుంచి మొగ్గలు కనిపించేవరకు కుండీని వీధి దీపానికి, వరండా దీపానికి దూరంగా పెట్టండి. ఈ ఎడమవైపు కుండీని కూడా ఈ రాత్రే పెరట్లోకి మారుస్తున్నాను. పూలు రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది.