స్విచ్చి మాటలకు జల్లెడ

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ సముద్రమునకు ఎదురొడ్డి నిలిచిన సీమ మన కోనసీమ. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కొబ్బరితోటలను నేలగూల్చిన సంగతి పెద్దలు మరువలేదు. కరెంటు తీగెలకు తోడు నేడు ఇంటర్నెట్ తీగెలును ఉన్నవి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన తీగెలను చాలవరకు కరెంటు స్తంభములమీదుగానే నడిపినది. చెట్టు కూలినచో రెండును తెగును.

అమలాపురమందో, రాజోలునందో, కొత్తపేటయందో ఒక ఆసుపత్రి కలదనుకొందము. అందొక నెట్‌వర్క్ స్విచ్చి. దీపము వెలిగించునది కాదు సుమా. కంప్యూటర్ల తీగెలన్నియు వచ్చి చేరు పెట్టె. దానికి 48 పోర్టులు. గాలివాన వెలసిన మరునాడు కొన్ని కంప్యూటర్లు పలుకవు. పోర్టుల స్థితి తెలుపుమని అడిగిన, స్విచ్చి 48 వరుసలు ఏకరువు పెట్టును. పది స్విచ్చిలున్నచో 480. సిస్కో స్విచ్చిలలో ఆదేశము చివర నిలువు గీత పెట్టి, 'ఇన్‌క్లూడ్' అని ఒక అక్షరముల పోలికను వ్రాసినచో, ఆ పోలిక గల వరుసలే వచ్చును. 'ఎక్స్‌క్లూడ్' అన్నచో అవి తప్ప తక్కినవి వచ్చును. ఈ పోలికకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు.

పేరు కొత్తదే గాని భావము మనకు పాతదే. ఆటవెలది మొదటి పాదమున మూడు సూర్యగణములు, పిమ్మట రెండు ఇంద్రగణములు రావలెనని బడిలో నేర్చితిమి. సూర్యగణము నగణమైనను కావచ్చును, హగణమైనను కావచ్చును. అర్థముతో లక్షణమునకు పని లేదు. ఆకారము కుదిరెనా లేదా అన్నదే ప్రశ్న. అమెరికా గణితజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి పోలికలకు ఒక గణితము కల్పించెను. ఆయన ఆలోచించినది నాడీకణముల వలలను గూర్చి! 1968లో కెన్ థాంప్సన్ కంప్యూటరుచేత అక్షరములను వెదకించుటకు దానిని వాడెను.

అర్థమెరుగని జల్లెడ గనుకనే చిక్కు. మొదటి పోర్టు కొరకు '1/0/1' అని వ్రాసితిమా, 1/0/10 మొదలు 1/0/19 వరకు అన్నియు వెంట వచ్చును. చివర అడుగుగీత చేర్చిననే అవి ఆగును. చుక్క పెట్టిన, అది చుక్క కాదు. ఏ అక్షరమైనను కావచ్చునని అర్థము. ఇంగ్లీషు పెద్ద అక్షరమునకు బదులు చిన్నది వ్రాసినచో ఒక్క వరుసయు రాకపోవచ్చును. అది చూచి లోపమే లేదని లేచిపోవువారు కలరు. అన్నిటికన్న ప్రమాదకరము ఇదియే యని మా అభిప్రాయము. ఎక్కువ వచ్చిన వరుస కంటబడును, రానిది కంటబడదు.

'నాట్ కనెక్ట్' అను మాటనే వెదకినచో, తీగె ఊడిన పోర్టులు, అవతలి యంత్రము ఆరిన పోర్టులు దొరకును. కాని తొందరలో ఎవరో ఒకే తీగె రెండు కొనలను ఒకే స్విచ్చిలో గ్రుచ్చిరనుకొందము. ప్రమాదమును పసికట్టి స్విచ్చి తానుగా మూసివేయు పోర్టును 'ఎర్-డిజేబుల్డ్' అని చూపును. అది ఆ జల్లెడలో పడదు. ఆసుపత్రి రక్తపరీక్షల గది పోర్టు అదే కావచ్చును. కావున 'కనెక్టెడ్' అను మాటతో బాగున్నవానిని తొలగించి, మిగిలినవన్నియు చూచుట మేలు. 'కనెక్ట్' వద్దనే ఆపితిమా, 'నాట్ కనెక్ట్' వరుసలును కొట్టుకొనిపోవును!

తుపాను హెచ్చరిక వచ్చిన నాడే జల్లెడ లేకుండ 48 వరుసలను ఒక ఫైలున దాచుకొనిన, మరునాటి జాబితాతో సరిపోల్చవచ్చును. చెట్టు ఎక్కడ కూలినదో అది చెప్పదు. ముందుగా ఏ పోర్టు చూడవలెనో చెప్పును.