ప్రతి పుటకూ తనదైన పేరు



మన ఊళ్ళ విశేషాలతో వెబ్‌సైట్లు నడుపుతున్న యువతీయువకులకు ఉపయోగపడే ఒక చిన్న విషయాన్ని మీ ముందుంచుతున్నాను. అది పుట శీర్షిక. బ్రౌజరు ట్యాబు మీద కనిపించే ఆ పేరును హెచ్‌టీఎంఎల్‌లో టైటిల్ అంటారు. శోధన యంత్రాలు ఫలితాల జాబితాలో చాలావరకు చూపేది దానినే. చూపులేనివారికి పుటను చదివి వినిపించే సాధనాలు సాధారణంగా మొదట పలికేదీ దానినే. ప్రతి పుటకూ దాని విషయాన్ని తెలిపే శీర్షిక ఉండాలని 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలు కనీస స్థాయిలోనే నియమించాయి.

వందలాది పుటలను ఎవరూ విడివిడిగా రాయరు. ఒక మూసను సిద్ధం చేసి, డేటాబేసులోని సమాచారాన్ని అందులో పోస్తారు. జాంగో అనే సాధనాన్ని చూడండి. అది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో ఒక దినపత్రిక అవసరాల కోసం పుట్టి, 2005 జులైలో అందరికీ ఉచితంగా అందింది. అందులో అన్ని పుటలకూ తల్లి వంటి మూస ఒకటి ఉంటుంది. టైటిల్ ఉండే చోట ఆ మూసలో బ్లాక్ అనే గడిని ఏర్పరుస్తారు. పిల్లమూస తల్లిని అనుసరిస్తూనే, ఆ గడిని మాత్రం తన పేరుతో నింపుతుంది. నింపకపోతే తల్లిమూసలోని పేరే నిలిచిపోతుంది. అప్పుడు నూరు పుటలకూ ఒకే పేరు. వెతికేవారికి ఏది ఏదో తెలియదు.

ఇంతవరకు ఏ భాషకైనా ఒకటే. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషు మూసలో 'టు' అని రాసి, దాని పక్కన ఏ ఊరి పేరు చేర్చినా చెల్లుతుంది. తెలుగులో విభక్తి పేరు వెనుక చేరుతుంది, ఒక్కొక్కప్పుడు పేరునే మారుస్తుంది. మూసలో 'కి' అతికిస్తే బళ్ళారికి అన్నది సరిపోతుంది; బరంపురం మాత్రం 'బరంపురంకి' అవుతుంది. మనం పలికేది బరంపురానికి.

దీనికి రెండు దారులున్నాయి. పేరును ప్రథమా విభక్తిలోనే ఉంచి, గీత గీసి, 'బరంపురం – వార్తలు' అని రాయడం మొదటిది. ప్రతి ఊరికీ విభక్తి రూపాలను కూడా డేటాబేసులో భద్రపరచడం రెండవది. శ్రమ ఎక్కువైనా, పూర్తి వాక్యం కావలసిన చోట రెండవదే మేలు.

పొడవైన శీర్షికను కత్తిరించేటప్పుడూ జాగ్రత్త అవసరం. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల కూర్పు. నాలుగవ సంకేతం దగ్గర కోస్తే 'స్త్' మిగులుతుంది. కనుక సంకేతాలను లెక్కించి కోయరాదు; పదం ముగిసిన చోటే ఆపాలి. పుట భాష తెలుగని గుర్తు పెట్టడమూ మరువరాదు. చదివి వినిపించే సాధనం తెలుగు గొంతును ఎంచుకొనేది ఆ గుర్తును బట్టే.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. బడిలో మరో లిపి నేర్చే మన పిల్లలలో ఎందరికో తెలుగు అక్షరం కనిపించేది తెరమీదే. అక్కడ 'బరంపురంకి' అని రోజూ చూసే బిడ్డ అదే సరైన తెలుగనుకుంటాడు. తప్పు మూసలో ఒక్కచోటే ఉంటుంది; అచ్చయ్యేది వేయి పుటల మీద. దిద్దవలసినదీ ఆ ఒక్కచోటే.

కనుక నా మనవి ఒక్కటే. మూస సిద్ధమైన తరువాత పది ఊళ్ళ పేర్లతో శీర్షికలు పుట్టించి, ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. వారి చెవికి ఎబ్బెట్టుగా తోచినదానిని దిద్దిన తరువాతనే లోకం ముందుంచండి.

సెలవు.