నవోదయ నేస్తాల నడివయసు

1986 జాతీయ విద్యావిధానంతో వచ్చినవి నవోదయ విద్యాలయాలు. కృష్ణా జిల్లావాళ్ల నవోదయ వేలేరులో ఉంది. ప్రవేశపరీక్ష నెగ్గితే ఆరో తరగతి నుంచే హాస్టలు; కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. ఘంటసాల వైపు నుంచి ట్రంకుపెట్టెతో బస్సెక్కిన తొలి బ్యాచ్‌లవాళ్లకు ఇప్పుడు యాభై దగ్గరపడుతోంది.

తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని హిందీ రాష్ట్రాల నవోదయకు పంపడం పథకంలో భాగం. పద్నాలుగేళ్లకే! అందుకే ఆ పాత నేస్తాలు కలిసినప్పుడల్లా ముందు గుర్తొచ్చేది అక్కడి చపాతీలూ, అన్నం మీద బెంగా. "ఏరా, షుగరెంత?" అన్నాక మాట మారుతుంది: ఊళ్లో ఒంటరైన అమ్మ, కౌలుకిచ్చిన పొలం, అమెరికాలో కొడుకు. పదేళ్లకే ఇల్లు వదిలినవాళ్లలో కొందరు తమ పిల్లల్ని మాత్రం హాస్టలుకు పంపలేదు. ఎందుకని అడిగితే నవ్వేస్తారు.