చూపించే తెర, చెప్పించే యంత్రం

తెలుగు బోధనలో తలపండిన మీ ముందు డిజిటల్ పరికరాలంటే ఏమిటో వివరించి కాలం వృథా చేయను. నాడు–నేడు పథకం కింద ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ముందే ఎక్కించిన ట్యాబులు పంచారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, వాటి వెనక దీక్షా వేదిక ఉండనే ఉన్నాయి. ఇవన్నీ పిల్లలకు చూపించేవి, వినిపించేవి. పిల్లల చేత ఏదైనా చేయించేవి వీటిలో ఎన్ని? పరికరాల లెక్కనే ప్రగతి నివేదికగా చదివే మిత్రులు ఈ ప్రశ్నను ఏళ్ల తరబడి దాటవేస్తున్నారు. సృజన అనే మాట ప్రతి శిక్షణ మాడ్యూలులోనూ కనిపిస్తుంది. ఆచరణలో బొమ్మకు రంగు నింపడం దగ్గరే ఆగిపోతుంది. నా వాదన ఒక్కటే. ఐదో తరగతి లోపు తెలుగు పిల్లల సృజనకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే డిజిటల్ పరికరం టీచరు ఫోనులో ఉన్న వాయిస్ రికార్డరు.

కారణం మన లిపి దగ్గరే ఉంది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు చేతికి లొంగేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు కథలు అల్లడంలో మహా చురుగ్గా ఉంటారు. నోటితో పది నిమిషాలు కథ చెప్పగల రెండో తరగతి పిల్ల, చేత్తో రెండు వాక్యాలు రాయడానికి అవస్థ పడుతుంది. ఆ రెండు వాక్యాలే చూసి ఆ పిల్లకు ఊహ లేదని మనం తీర్పు చెబుతున్నాం. చెప్పిన కథ రికార్డయితే నిలుస్తుంది. నిలిచినదాన్ని మళ్లీ వినొచ్చు, నచ్చని ముగింపు మార్చొచ్చు, రాక్షసుడికి పక్క పిల్లాడి గొంతు పెట్టొచ్చు, పడవ చప్పుడు కలపొచ్చు. తన రచనను తాను దిద్దుకోవడం, రాయడం పూర్తిగా రాకముందే అలవడుతుంది. ఆ కథలోంచి నాలుగు వాక్యాలు టీచరు నల్లబల్ల మీద రాస్తే, పిల్ల చదివే పాఠం తన మాటలే. న్యూజిలాండులో మావోరీ పిల్లల మాటల్నే తొలి వాచకం చేసిన సిల్వియా ఆష్టన్-వార్నర్ మీకు తెలియనిది కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే 1920ల్లో తరగతి గదిలోకి అచ్చుయంత్రం తెచ్చి, పిల్లల రాతల్ని పిల్లల చేతే అచ్చు వేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై ఎక్కువసేపు మాట్లాడలేని ఉపాధ్యాయుడాయన. తాను చెప్పేది తగ్గించి, పిల్లలు చెప్పేది పెంచే పరికరాన్ని ఎంచుకున్నాడు. మనకూ ఆ వారసత్వం ఉంది. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల్ని శ్రోతలుగా కూర్చోబెట్టి ఊరుకోలేదు, మైకు ముందుకు తెచ్చారు. స్మార్ట్ టీవీ పాఠాలు తయారుచేసేవారు ఆ చరిత్ర చదివి ఉంటే బాగుండేది.

చేతిరాత పాడవుతుందని ఒక అభ్యంతరం. చెప్పడానికి ఏదో ఉన్న పిల్లకే రాయాలనిపిస్తుంది, కాబట్టి ఆ భయానికి ఆధారం లేదు. ఏకోపాధ్యాయ బడిలో ఇదంతా ఎలా సాధ్యమని మరొకటి. అక్కడే దీని అవసరం ఎక్కువ: టీచరు మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే, రెండో తరగతి పిల్లలు వరండాలో ఒక్క ఫోనుతో తమ కథ తాము చెప్పుకోగలరు. కృత్రిమ మేధ యంత్రమే కథలు రాసిపెడుతున్నప్పుడు పిల్లలతో చెప్పించడం ఎందుకని కొందరంటారు. బడికి కావలసింది కథల నిల్వ కాదు, కథ కట్టే శక్తి. అది యంత్రం రాసినంత మాత్రాన పిల్లకు రాదు. ఇక రికార్డు చేసిన పిల్లల గొంతులు ఇంటర్నెట్‌లో పెట్టకూడదన్నది న్యాయమైన మాట. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కోరుతోంది; రికార్డింగులు బడి గడప దాటకుండా నడిపించడం కష్టమేమీ కాదు.

అన్నిటికన్నా మొండి అభ్యంతరం భాష గురించి. పిల్లలు యాసలో చెప్పినదాన్ని అలాగే ఉంచితే ప్రమాణం ఏమవుతుందని అడుగుతున్నారు. వ్యావహారిక వాదం రాజుకున్నది బడిలో రాసే రాతల దగ్గరే. 1910ల్లో స్కూల్ ఫైనల్ విద్యార్థి వ్యాసం ఏ తెలుగులో ఉండాలన్నదే గిడుగు రామమూర్తికీ జయంతి రామయ్య పంతులుకీ మధ్య నడిచిన వివాదం. ఆ పోరాటఫలం కథకులకు, పత్రికలకు అందింది. ప్రాథమిక తరగతి పిల్లకు నేటికీ అందలేదు. "గోదారి పొంగింది, మా పాక ములిగిపోయింది" అని పిల్ల చెబితే, "గోదావరికి వరద రావడంతో మా ఇల్లు నీట మునిగింది" అని దిద్ది, పిల్లల కథల సంకలనాల్లో వేసే సంపాదకులు మనలోనే ఉన్నారు. వారి శ్రమను గౌరవిస్తాను. కానీ ఆ పుస్తకాల్లో పిల్లల పేర్లున్నాయి, పిల్లలు లేరు. యాసకూ ప్రమాణానికీ తేడా నేర్పడానికి దిద్దుబాటే దారి కాదు. 2017 నుంచి తెలుగు మాటను అక్షరంగా మార్చే సదుపాయం ఫోన్లలో ఉంది. అది పిల్లల పలుకుబడిని ఎక్కడ తప్పుగా అందుకుంటుందో పట్టిక రాసుకోవడం కూడా తరగతి గదిలో చక్కటి భాషా పాఠమే.

అసలు దిగులు ఇంకొకటుంది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం పాత పుస్తకాలను కాపాడింది. చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల ఆయన బొమ్మలను కాపాడింది. చింతూరు వైపు కోయ పిల్లలు, కోనసీమ లంకల పిల్లలు చెప్పే కథలకు అలాంటి చోటు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, కొండ, సవర వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు వాచకాలు తయారయ్యాయి. పిల్లల గొంతులను భద్రపరిచే ఏర్పాటు మాత్రం వాటి వెంట రాలేదు. బొమ్మూరు జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో శిక్షణ పొందే ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఏడాదికి ఒక బడి నుంచి, తల్లిదండ్రుల అనుమతితో, పది కథలు రికార్డు చేయాలి. వాటిని దిద్దకుండా, పిల్లలు చెప్పినట్టే రాసి పెట్టాలి. స్టోరీవీవర్ లాంటి స్వేచ్ఛా లైసెన్సు వేదికల పద్ధతిలో బొమ్మలు కలిపి, చిన్న పుస్తకాలుగా ఆ బడికే తిరిగి ఇవ్వాలి. ఖర్చు కొద్దిపాటి కాగితం, ఇప్పటికే చేతిలో ఉన్న ఫోను. ఈ సాయంత్రం తీర్మానాల సమావేశంలో ఇంకే తీర్మానం పక్కన పెట్టినా, దీన్ని మాత్రం చర్చకు తీసుకోమని కోరుతున్నాను.