నాగపూర్ నుంచి వచ్చిన మా ఇంటి బిడ్డ

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో ఒక ప్రయాణం ముచ్చట చెప్పుకుందామని వచ్చాను. ఇది తీర్థయాత్రా కాదు, విహారయాత్రా కాదు. మా ఇంటికి ఒక బిడ్డను తెచ్చుకోవడానికి అయిదుగురం కలిసి నాగపూర్ దాకా వెళ్ళివచ్చిన ప్రయాణం.

మా అత్తగారి ఊరు చందుర్తి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. మా మరిది ఆ చుట్టుపక్కల చాలామంది లాగానే కొన్నేళ్ళు గల్ఫులో పనిచేసి వచ్చి, ఊళ్ళో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. అతనికీ మా యారాలికీ పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు లేరు. యారాలంటే తోడికోడలు, మా వైపు మాట. మా అత్తమ్మ వేములవాడ రాజన్నకు కోడె మొక్కులు చెల్లించింది. కరీంనగర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ డాక్టర్లు చూశారు. డబ్బూ పోయింది, ఆ పిల్ల ఒళ్ళూ పాడయింది. ఒకనాడు తనే అన్నది, "ఇగ సూదులు చాలక్కా. మేం ఒక బిడ్డను సాదుకుంటం."

అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఎవల బిడ్డనో, ఏ కులమో, ఏ రక్తమో" అన్నది. మన ఇళ్ళల్లో దత్తత కొత్తదేం కాదండీ. కాకపోతే మన పెద్దలు ఎరిగిన దత్తత వేరు. అన్న కొడుకునో, అక్క కొడుకునో వంశం నిలపడానికి తెచ్చుకునేవారు. ఆడపిల్లను దత్తత చేసుకునే హక్కు హిందువులకు ఖాయంగా చట్టంలో వచ్చింది 1956లోనే. కనుక అత్తమ్మది మొండితనమని నేననను. ఆమె విన్నదీ, కన్నదీ అంతే.

ఆ రోజుల్లోనే నా వల్ల ఒక తప్పు జరగబోయింది. అది చెప్పకుండా దాటేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు. పట్నంలో ఒక ఆస్పత్రిలో పనిచేసే మనిషి మాకు పరిచయమైంది. ఇన్ని లక్షలిస్తే నెల తిరక్కుండా మగపిల్లాణ్ణి తెచ్చి చేతుల్లో పెడతామనీ, మా యారాలికే కాన్పయినట్టు కాగితాలు కూడా పుట్టిస్తామనీ చెప్పింది. నాకు సబబే అనిపించింది. బంధువులకు సంజాయిషీ చెప్పుకునే బాధ ఉండదు గదా అనుకున్నాను. "తీసుకో చెల్లే" అన్నాను కూడా. మా యారాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది. "ఆ పిల్లగాన్ని కన్న తల్లికి ఎంత ఇస్తున్నరట అక్కా? ఆమె ఏడ్వదా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1999లోనూ, 2001లోనూ పేద తండాల్లో పసిగుడ్లను కొని దత్తత పేరుతో పైదేశాలకు పంపుతున్న బాగోతం బయటపడింది. అప్పుడు పేపర్లో చదివి "అయ్యో పాపం" అనుకున్నదాన్నే. మన ఇంటి దాకా వస్తే మనసు ఎలా పక్కదారి పడుతుందో చూడండి. ఇప్పటి చట్టంలో పిల్లల్ని అమ్మినా, కొన్నా అయిదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. శిక్ష మాట అట్లా ఉంచండి. అబద్ధపు కాగితం మీద మొదలైన తల్లితనం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

సరే, రాజమార్గానే పోదామనుకున్నారు. 2021లో 'కారా' అనే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థలో పేర్లు నమోదు చేసుకున్నారు. ఇది 1990లో ఏర్పడింది. దేశంలో తల్లిదండ్రులు లేని, లేదా తల్లిదండ్రులు అప్పగించిన పిల్లల దత్తత అంతా దీని నిబంధనల ప్రకారమే జరగాలి. ఒక సోషల్ వర్కరమ్మ ఇంటికొచ్చి అన్నీ అడిగింది. సంపాదన, ఆరోగ్యం, ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లను ఎవరు చూసుకుంటారు, అన్నీ. "మన ఇంటి గుట్టంతా ఆమెకెందుకు?" అని అత్తమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాకైతే న్యాయమే అనిపించింది. పెళ్ళిసంబంధానికే ఇల్లూ వాకిలీ చూస్తామే, బిడ్డనిచ్చేవాళ్ళు చూడొద్దా?

ఆ తర్వాత ఎదురుచూపులు. మూడేళ్ళు దాటాయండీ. ఇంత ఆలస్యమెందుకని మీరడగవచ్చు. బిడ్డ కావాలనుకునేవారు ఎక్కువ, చట్టప్రకారం దత్తతకు సిద్ధమైన పిల్లలు తక్కువ. దొరికిన పిల్లను వెంటనే ఎవరికీ ఇవ్వరు. ముందు కన్నవాళ్ళ కోసం వెతకాలి. రెండేళ్ళలోపు పిల్లయితే రెండు నెలల్లో, అంతకు పైబడితే నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ విచారించి దత్తతకు అర్హత తేలుస్తుంది. సాకలేక తల్లే అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువుంది. ఇదంతా తెలిశాక మా యారాలు విసుక్కోవడం మానేసింది. "ఆ అరవై రోజులు ఆమెవి. నావి కావు" అన్నది.

ఆ ఎదురుచూపుల రోజుల్లోనే అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు ఫోన్లో ఒక సంగతి చెప్పింది. వాళ్ళ పక్కింటి దంపతులు చాలా ఏళ్ళ కిందట చైనా వెళ్ళి ఒక ఆడపిల్లను తెచ్చుకున్నారట. వాళ్ళ ఇద్దరు పిల్లలనూ, ముసలి తల్లినీ వెంటబెట్టుకుని మరీ వెళ్ళారట. చైనాలో 1992 నుంచి పైదేశాల వాళ్ళకు దత్తత ఇచ్చే చట్టం అమలైంది. ఒక్క బిడ్డే ఉండాలన్న కట్టడి వల్ల అక్కడ వదిలేసిన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. దాదాపు 1,60,000 మంది పిల్లలు అట్లా దేశాలు దాటారు. సగానికి పైగా అమెరికాకే వెళ్ళారు. తల్లిదండ్రులు వెళ్ళి బిడ్డ ఉన్న రాష్ట్రంలో కాగితాలు పూర్తిచేసుకుని, వీసా కోసం గ్వాంగ్‌జౌ నగరానికి వచ్చి, రెండు వారాలకు ఇల్లు చేరేవారట. 2024లో చైనా ప్రభుత్వం ఆ పద్ధతి నిలిపివేసింది. దగ్గరి బంధువులకూ, సవతి తల్లిదండ్రులకూ తప్ప పైవారికి పిల్లల్ని ఇవ్వడం లేదు.

మా చెల్లెలు ఒక మాటన్నది. "అక్కా, హోటల్లో ఆ పిల్ల రాత్రంతా ఏడ్చిందట. వీళ్ళకు పండగ, ఆ పిల్లకు మాత్రం ఎరిగిన మొహాలన్నీ ఒక్కరోజులో మాయమైపోయినై." ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై కన్నవాళ్ళ జాడ కోసం చైనా వెళ్ళివచ్చిందట. అట్లా వెళ్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పెంచినవాళ్ళ మీద ప్రేమ లేక కాదు, తమ మొదలు తెలుసుకోవాలని.

ఈ ముచ్చట మా మరిది మనసులో పడింది. 2024 చివర్లో కబురొచ్చింది. నాగపూర్‌లో మూడేళ్ళ ఆడపిల్ల. ఫొటో, ఆరోగ్యం కాగితాలు పంపారు. ఒప్పుకుంటున్నదీ లేనిదీ 48 గంటల్లో చెప్పాలి. తెలిసిన పిల్లల డాక్టరుకు కాగితాలు చూపించి, సరేనన్నారు. అప్పుడు మరిది అత్తమ్మ దగ్గర కూచుని అన్నాడు. "అమ్మా, నువ్వు రాకుంటే ఆ పిల్ల మా ఇద్దరికే బిడ్డయితది. ఇంటికి బిడ్డ కాదు." అత్తమ్మ ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి చీరెలు సంచిలో సర్దుకుని ఉంది.

మరిది, యారాలు, అత్తమ్మ, నేను, ఇంటర్ చదివే మా అమ్మాయి. రామగుండంలో రైలెక్కాం. మంచిర్యాల రాకముందే గోదావరి వంతెన. అత్తమ్మ కిటికీలోంచి నదిలోకి రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంది. ఏం మొక్కుకుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఆశ్రమంలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మలను పిల్లలంతా 'మావశీ' అని పిలుస్తారు. మరాఠీలో పిన్ని అని అర్థం. మా పాప ఒక మావశి కొంగు పట్టుకుని నిలబడి మావైపు చూసింది. మా యారాలు చేతులు చాచింది. పాప మావశి వెనక్కి పోయి దాక్కుంది. మూడు రోజులు రోజూ వెళ్ళాం. పాప మా మరిది వేలు పట్టుకుంది, మా అమ్మాయితో బంతి ఆడింది. యారాలు దగ్గరికొస్తే మాత్రం మొహం తిప్పేసుకునేది.

ఆ మూడు రోజుల్లో మా యారాలు ఒక మంచి పని చేసింది. మావశి దగ్గర కూచుని, వచ్చీరాని హిందీలో అన్నీ అడిగి రాసుకుంది. ఏం తింటుంది, ఏ వైపు తిరిగి పడుకుంటుంది, దేనికి భయం, ఏడిస్తే ఎట్లా ఊరుకుంటుంది. పాప రోజూ కప్పుకునే పాత దుప్పటి అడిగి తెచ్చుకుంది. మేము కొత్తబట్టలు ఒక సంచెడు తీసుకెళ్ళాం గానీ, దారిలో పనికొచ్చింది ఆ వెలిసిపోయిన దుప్పటే.

నాలుగో రోజు కాగితాల మీద సంతకాలయ్యాక పాపను ఎత్తుకుని బయల్దేరాం. కలెక్టరు ఉత్తర్వు వచ్చేదాకా మా సంరక్షణలో ఉంచడమన్నమాట. 2022 నుంచి ఈ ఉత్తర్వు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. రైలు కదలగానే మొదలైంది ఏడుపు. "మావశీ, మావశీ" అని. పెట్టె అంతా మావైపే చూసింది. పిల్లను ఎత్తుకుపోతున్నామనుకున్నారో ఏమో, ఒకాయన వచ్చి అడిగాడు కూడా. కాగితాలు చూపించాం. యారాలు ఎత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడుస్తోంది. అప్పుడు అత్తమ్మ, "ఇటియ్యి" అని ఆ దుప్పటి ఒళ్ళో పరిచి, పాపను పడుకోబెట్టుకుంది. మరాఠీ రాదు, పాపకు తెలుగు రాదు. వీపు మీద జోకొడుతూ, "ఏడువు బిడ్డా ఏడువు. పుట్టింటిని ఇడిసి వచ్చినప్పుడు నేను గూడ ఏడ్చిన" అన్నది. ఆ మాట విని మా యారాలు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఏ రక్తమో అన్న నోటితోనే కదండీ ఆ మాట వచ్చింది.

ఇంటికొచ్చాక అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మూడు వారాలు పాప యారాలి చేత్తో ముద్ద ముట్టలేదు. నాన్న కావాలి, నాయనమ్మ కావాలి. ఆమె వంటింట్లో నాతో, "ఇన్నేండ్లు ఎదురుచూసిన. నన్నే వద్దంటున్నదక్కా" అని ఏడ్చింది. చూడడానికొచ్చిన సోషల్ వర్కరమ్మతో ఆ సంగతే చెబితే, ఆవిడ అన్నది, "ఈ పాప మిమ్మల్ని కాదనడం లేదమ్మా. పోగొట్టుకున్న మనిషి కోసం బెంగపెట్టుకుంది. అంత ప్రేమించడం వచ్చిన పిల్లకు మీ మీద కూడా వస్తుంది. బలవంతం చేయకండి, దగ్గర్లో ఉండండి." అట్లాగే ఉంది. ఒక మధ్యాహ్నం పాప దువ్వెన తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, వీపు తిప్పి కూచుంది. మా యారాలు ఆ జడ వేయడానికి ఎంతసేపు పట్టిందో!

2025లో కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. పుట్టిన తేదీ పత్రంలో తల్లిదండ్రులుగా వాళ్ళ పేర్లే ఉన్నాయి. ఇందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. పాప పేరు మార్చలేదు. తనతో వచ్చింది ఆ పేరు, ఆ దుప్పటి మాత్రమే గదా, వాటినీ తీసేసుకుంటామా? ఆ యేడు బతుకమ్మ ఆటలో ఎవరో అడిగారు, "ఈ పిల్ల ఎవల పిల్ల?" అని. "మా చిన్నోని బిడ్డ. నాగపూర్ నుంచి తెచ్చుకున్నం" అన్నది అత్తమ్మ, చప్పట్లు ఆపకుండానే.

సోదరీమణులారా, మీ ఇళ్ళల్లోనో, మీ ఎరుకలోనో ఇట్లా ఆలోచిస్తున్నవాళ్ళుంటే రెండు మాటలు. పెళ్ళయి రెండేళ్ళు దాటిన దంపతులూ, ఒంటరి స్త్రీలూ కూడా బిడ్డను పెంచుకోవచ్చు. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్ళలోపు పిల్లకు ఆ మొత్తం 85 దాటకూడదు. కనుక ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. మీ జిల్లా బాలల సంరక్షణ కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. దగ్గరి దారి చూపిస్తామనే మధ్యవర్తిని మాత్రం గడప తొక్కనివ్వకండి. నేను తొక్కనిచ్చాను గనుకే చెబుతున్నాను.

ఇంకో మాట, తెచ్చుకోబోయే బిడ్డ కోసం మొదట కదలవలసింది ఇంట్లో పెద్దలు. మనం దయతలచి ఒక అనాథకు నీడనిచ్చామని ఎప్పుడూ అనుకోవద్దు. ఆ పసిపిల్ల తనకు తెలిసిన లోకాన్నంతా వదిలి మన కోసం వచ్చింది. ఆ ప్రయాణంలో అందరికంటే ఎక్కువ దూరం నడిచింది తనే.

మా పాపకు ఇప్పుడు తెలుగు గలగలా వస్తుంది. రాత్రి పడుకునేముందు రోజూ ఒకే కథ అడుగుతుంది, "రైలు కథ చెప్పు" అని. మా యారాలు నాగపూర్‌తో మొదలుపెట్టి, మావశి గురించి చెప్పి, గోదావరి దాటించి, చందుర్తిలో తలుపు తీసేదాకా చెబుతుంది. మావశి మాట మర్చిపోతే పాపే గుర్తుచేస్తుంది.